ఆర్పినా ఆరని బల్బు

ఇల్లు – కరెంటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తొలకరి పడగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. వేసవి అంతా ఫ్యాన్ల గురించీ, ఓల్టేజీ గురించీ రాసినవారు వానలు మొదలయ్యేసరికి స్నానాల గది లైటు గురించి రాస్తారు. ఈసారి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఎంచుకున్నాము. నాలుగూ పాత ఇళ్లవే.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి దగ్గరలో మా మామగారు 1974లో కట్టించిన డాబా ఇల్లు. స్నానాల గదిని మాత్రం ఆ తరువాత ఎప్పుడో వెనుక వసారాను ఆనుకొని వేశారు. ఆ గదిలో లైటు ఏడాదిగా సరిగా లేదు. వేయగానే ఒకసారి వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంది. తలుపు కాస్త గట్టిగా వేస్తే మినుకుమంటుంది. వాన పడిన రోజుల్లో ఇది మరీ ఎక్కువ. ఆరు నెలల్లో నాలుగు ఎల్‌ఈడీ బల్బులు పోయాయి. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, రాత్రి స్విచ్చు ఆపిన తరువాత కూడా బల్బు మిణుగురు పురుగులా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. మా అత్తగారు రాత్రిపూట ఆ గదిలోకి వెళ్లడమే మానేశారు. ఎలక్ట్రీషియన్ రెండుసార్లు వచ్చి హోల్డరు మార్చాడు, బల్బు కంపెనీ మార్చి చూడమన్నాడు. ఫలితం లేదు. ఏమి చేయమంటారు? – ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, మీరు రాసినది ఒక లోపం కాదు, రెండు. వెలుగుతున్నప్పుడు మినుకుమనడం ఒకటి, ఆపిన తరువాత వెలగడం మరొకటి. రెండూ ఒకే బల్బులో కనిపిస్తున్నాయి కాబట్టి మీ ఎలక్ట్రీషియన్ బల్బునే పట్టుకొని వేలాడుతున్నాడు. నా అనుమానమంతా మీ గోడలోని వైరింగు మీదనే. ఆ లోపాల్లో ఒకటైనా గది కట్టిన నాటి నుంచీ ఉన్నదే అయివుంటుంది. పాత ఫిలమెంటు బల్బు ఇన్నేళ్లూ దానిని కప్పిపెట్టింది, ఎల్‌ఈడీ బల్బు బయటపెట్టింది.

అది ఎలాగో చెబుతాను. 60 వాట్ల ఫిలమెంటు బల్బు 230 ఓల్టుల వద్ద దాదాపు పావు ఆంపియరు కరెంటు తీసుకుంటుంది. దానిలోని టంగ్‌స్టన్ తీగ కాగి తెల్లగా మెరుస్తూ ఉంటుంది కనుక, ఎక్కడో ఒక స్క్రూ వదులై కరెంటు రెప్పపాటు తెగినా, తీగ చల్లారేలోగా మళ్లీ అందుకుంటుంది, మన కంటికి ఆ సంగతి తెలియదు. స్విచ్చు ఆపాక మిల్లీ ఆంపియరులో ఏ పదో వంతో అటువైపు కారినా, దానికి ఆ తీగ గోరువెచ్చన కూడా కాదు. ఎల్‌ఈడీ బల్బు సంగతి వేరు. అతి తక్కువ కరెంటు కారినా లోపలి కెపాసిటరు దానిని చుక్కచుక్కగా పోగుచేసుకొని సన్నని వెలుగుగానో, నిమిషానికి నాలుగైదు మెరుపులుగానో చూపిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలుపెట్టిన తరువాత మన ఊళ్లలో ఇంటింటా బల్బులు మారిపోయాయి గాని, గోడల్లోని వైర్లు అవే మిగిలాయి. అప్పటి నుంచి ఇటువంటి ఉత్తరాలు నాకు విరివిగా వస్తున్నాయి.

ముందు ఆపినా ఆరని సంగతి చూద్దాము. బల్బుకు రెండు తీగలు వెళతాయి. ఒకటి కరెంటు తెచ్చే ఫేజు, రెండవది దానిని తిరిగి తీసుకుపోయే న్యూట్రల్. స్విచ్చు ఎప్పుడూ ఫేజు తీగ మీదనే ఉండాలి. న్యూట్రల్ మీద స్విచ్చు పెట్టినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది, కాబట్టి పని చేసిన వాడికీ, చేయించుకున్న వాడికీ అనుమానం రాదు. కానీ అటువంటి చోట స్విచ్చు ఆపినా హోల్డరు దాకా ఫేజు వచ్చి కూర్చునే ఉంటుంది. గోడ తడిసినప్పుడు ఆ ఫేజు బల్బు గుండా, తడి పట్టిన వైరు గుండా కొద్దికొద్దిగా భూమిలోకి దారి వెతుక్కుంటుంది. మీ బల్బు మిణుగురు పురుగు కావడానికి నాకు తోచిన మొదటి కారణం ఇదే. వసారాకు తరువాత గది తగిలించేటప్పుడు దగ్గరలో ఉన్న లైటు నుంచి రెండు తీగలు లాగి, ఏది ఫేజో చూడకుండా ఒకదానిని తెంపి స్విచ్చుకు కలపడం ఆ రోజుల్లో మామూలే.

దీనిని నిర్ధారించుకోవడం ఎలక్ట్రీషియన్‌కు రెండు నిమిషాల పని. బల్బు తీసివేసి, స్విచ్చు ఆపి, హోల్డరులోని రెండు పిన్నులనూ ఒక్కొక్కటిగా టెస్టరుతో చూడాలి. స్విచ్చు ఆపి ఉండగా ఏ పిన్ను దగ్గరైనా టెస్టరు గట్టిగా వెలిగితే స్విచ్చు న్యూట్రల్ మీద ఉన్నట్టే. స్విచ్చు వేసిన తరువాత రెండు పిన్నుల దగ్గరా టెస్టరు వెలుగుతూ, బల్బు పెడితే మాత్రం వెలగకపోతే, న్యూట్రల్ ఎక్కడో తెగిందని అర్థం. ఈ పరీక్ష మీరు మాత్రం చేయవద్దు. టెస్టరు వెలగాలంటే మన ఒంటి గుండా కొద్దిపాటి కరెంటు పోవాలి, తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి చేయదగిన పని కాదు. దీనికి తిరకాసు మరొకటి ఉన్నది. ఎండు చెక్క బల్ల మీద, రబ్బరు చెప్పులతో నిలబడిన మనిషి చేతిలో అదే టెస్టరు ఒక్కోసారి కంటికి కనిపించనంత మందంగా వెలుగుతుంది. ఆ చీకటిని చూసి ‘కరెంటు లేదు’ అనుకొని చేయి పెట్టి షాకు తిన్న అనుభవజ్ఞులను నేను ఎరుగుదును. మల్టీమీటరు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

స్విచ్చులో ఎర్రని చిన్న ఇండికేటరు దీపం ఉన్నా ఎల్‌ఈడీ బల్బు ఇలాగే మినుకుమంటుంది, అది ప్రమాదమేమీ కాదు. ఫేజు మీద స్విచ్చు సరిగానే ఉండి, రెండు తీగలు పక్కపక్కనే చాలా దూరం నడిచినా అంతే. మీరు ఇండికేటరు గురించి రాయలేదు కనుక, వానకూ దీనికీ సంబంధం కనిపిస్తున్నది కనుక, ఆ దారి పట్టలేదు.

ఇక మినుకుమనే సంగతి. తలుపు గట్టిగా వేస్తే బల్బు మినుకుమంటుందన్న వాక్యం మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది. తలుపు అదురు బల్బు దాకా పోనక్కరలేదు, గుమ్మం పక్కన గోడకు బిగించిన స్విచ్చు బోర్డు దాకా పోతే చాలు. రెండుసార్లు హోల్డరు మార్చిన పెద్దమనిషి ఒక్కసారైనా ఆ బోర్డు విప్పి చూశాడా అని నా సందేహం. మెయిన్ స్విచ్చు ఆపించి, ఆ చెక్క బోర్డు స్క్రూలు తీయించండి. వెనుక ఏముంటుందో చూడకుండానే చెప్పవచ్చు: సాలెగూడు, దుమ్ము, పెళుసెక్కిన వైరు తొడుగు, వాటి మధ్య నల్లబడిన ఒక స్క్రూ. ఆ స్క్రూ కింద తీగ చివర బూడిద రంగులో తెల్లని పొడి రాలుతూ ఉంటే అది అల్యూమినియం వైరు. 1970ల్లో కట్టిన చాలా ఇళ్లలో రాగికి బదులు అల్యూమినియం వేశారు. అల్యూమినియం మెత్తని లోహం, స్క్రూ కింద నలిగి నలిగి కాలక్రమాన సన్నబడుతుంది, పైన గట్టి పొర కట్టుకొని కరెంటును అడ్డగిస్తుంది. దానికి తరువాతి రోజుల్లో రాగి తీగను మెలిపెట్టి నల్లటేపు చుట్టిన అతుకు ఎక్కడైనా ఉంటే, ఆ రెండు లోహాల మధ్య తడి చేరి అతుకును తినేస్తుంది. రాగి వైరే అయితే పచ్చని కిలుము కనిపిస్తుంది. ఏదైనా రోగం ఒకటే. వదులైన చోట కరెంటు తెగుతూ కలుస్తూ సన్నని నిప్పురవ్వలు వస్తాయి. బోర్డు దగ్గర చెవి పెడితే వినిపించే చిటచిట శబ్దం అదే. మీ నాలుగు బల్బులనూ అదే చంపి ఉంటుంది, ఎందుకంటే సెకనులో పలుమార్లు ఆగి మొదలయ్యే కరెంటును బల్బు లోపలి డ్రైవరు, అంటే కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూటు, తట్టుకోలేదు. బోర్డు మీద చేయి పెడితే వెచ్చగా ఉన్నా, కాలిన బేకలైటు వాసన వచ్చినా, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ లైటు వేయకండి.

బోర్డు విప్పేముందు మీరే చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి. స్నానాల గది మినుకుమన్న క్షణంలో హాల్లో లైటు కూడా మినుకుమంటున్నదా అని ఇంట్లో మరొకరిని గమనించమనండి. అక్కడ కూడా మినుకుమంటే లోపం మీటరు దగ్గరో, స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగ దగ్గరో ఉన్నట్టు. మీటరుకు ముందున్నదాని జోలికి మీ ఎలక్ట్రీషియన్ కూడా పోకూడదు, 1912 నంబరుకు ఫిర్యాదు చేయాలి. హాల్లో బాగా వెలిగే బల్బును పగటిపూట, మెయిన్ ఆపి, స్నానాల గదిలో పెట్టి, అక్కడి బల్బును హాల్లో పెట్టండి. రోగం బల్బుతో పాటు హాల్లోకి వస్తే బల్బుదే దోషం. మీ ఇంట్లో అది రాదనే నా నమ్మకం.

బాగుచేయడం విషయంలో నా సలహా కొంచెం ఖర్చుతో కూడినదే. ఆ పాత తీగలను అతికి, బిగించి నెట్టుకురావద్దు. మెయిన్ బోర్డు నుంచి స్నానాల గదికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో ఫేజు, న్యూట్రల్, ఎర్తు (కారిన కరెంటును భూమిలోకి పంపే తీగ) మూడూ కొత్తగా లాగించి, దానికి 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తానే పడిపోయే స్విచ్చు) పెట్టించండి. పాత లైటు వైరింగులో చాలాచోట్ల ఎర్తు తీగే ఉండదు. ఆనాడు లైటుకు ఎర్తు ఎందుకులే అనుకునేవారు. మీ ఇంటి గోడలు సున్నపు గోడలైతే వాటిని గాడి కొట్టి వైరు దాచాలని చూడకండి. పెళ్లలు రాలతాయి, గాడిలో తడి నిలుస్తుంది. గోడ మీదనే పీవీసీ పైపులో నడిపితే చూడటానికి అందంగా ఉండదేమో గాని, రేపు ఏదైనా వస్తే కళ్లకు కనిపిస్తుంది. స్విచ్చు గది బయటనే ఉండనివ్వండి. లైటు స్నానం చేసే చోటికి సరిగ్గా పైన కాకుండా, నేల నుంచి రెండుంపావు మీటర్లకు పైన ఉండాలి. తుంపర్లకు తట్టుకునేలా ఐపీ 44 లేదా అంతకు మించిన గుర్తు ఉన్న ఫిట్టింగును అడిగి తీసుకోండి. మామూలు ఎల్‌ఈడీ బల్బును బిగుతైన గాజు బుడ్డిలో మూసిపెడితే దాని వేడికే అది మాడిపోతుంది.

మీ అత్తగారికి చెప్పండి, అది దయ్యమూ కాదు, గాలీ కాదు. కాకపోతే ఆవిడ ఆ గదికి దూరంగా ఉండటం మంచిదే అయింది. స్విచ్చు ఆపి, తడి చేతితో బల్బు మార్చబోతే పట్టుకునే ఫేజు అక్కడ ఎప్పుడూ సిద్ధంగా ఉన్నది.

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర పల్లెలో పాత పెంకుటిల్లు. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను మా దగ్గరే తీరం దాటినప్పుడు పెంకులు లేచిపోయి స్నానాల గది గోడ నానిపోయింది. కప్పు బాగుచేయించాము. అయితే అప్పటి నుంచి వానాకాలంలో ఆ గదిలో లైటు వేసి కుళాయి ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. లైటు ఆపితే ఏమీ ఉండదు. లైటు మాత్రం చక్కగా వెలుగుతుంది. రబ్బరు చెప్పులు వేసుకొని స్నానం చేస్తున్నాము. పరవాలేదా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పరవా ఉంది బాబూ. ఈ జవాబు చదివిన రోజు నుంచే ఆ లైటు వేయడం మానేసి, దాని ఫ్యూజు కట్ట తీసి పక్కన పెట్టండి. గది బయట నుంచి వెలుగు పడేలా ఏదైనా ఏర్పాటు చేసుకోండి, చార్జింగు లైటైనా సరే. తడిసిన శరీరానికి కరెంటును అడ్డగించే శక్తి బాగా తగ్గిపోతుంది. ఈ రోజు జివ్వుమన్నది రేపు గోడ ఇంకాస్త నానితే పట్టుకొని వదలకపోవచ్చు. చెప్పుల మీద ఆధారపడకండి, నీరు నిలిచిన నేల మీద అవి చేసే మేలు కొద్దే.

లైటు వేసినప్పుడే జివ్వుమంటున్నది కాబట్టి, స్విచ్చు నుంచి లైటు దాకా వెళ్లే తీగలోనే లీకేజీ ఉన్నది. తుపానుకు తడిసిన గోడలో ఆ తీగ తొడుగు దెబ్బతిని ఉండాలి, లేదా గోడకు బిగించిన ఇనుప లైటు బ్రాకెట్టులోకి కరెంటు దిగుతూ ఉండాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. గాలిలోని ఉప్పు హోల్డరు మీద, స్విచ్చు మీద సన్నని పొరగా చేరుతుంది. ఎండిపోయి ఉన్నప్పుడు దాని వల్ల నష్టం లేదు, తేమ తగలగానే ఆ ఉప్పే కరెంటుకు దారి అవుతుంది. అందుకే మీకు వానాకాలంలోనే తెలుస్తున్నది. ఆ గోడలోనే నడిచే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) నీటి పైపు ఆ లీకేజీని తెచ్చి మీ కుళాయికి అందిస్తున్నది.

ఇటువంటి ఇళ్లలో నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటి: మీ ఇంటికి ఎర్తు ఎక్కడ ఉన్నది? పూర్వం చాలామంది ప్రత్యేకంగా ఎర్తు గొయ్యి తవ్వకుండా, భూమిలోకి పోయే నీటి పైపుకే ఎర్తు తీగ చుట్టేవారు. తరువాత పైపు తుప్పు పట్టి, భూమిలో ఉన్న ముక్క మట్టుకు ప్లాస్టిక్ పైపు వేయిస్తారు. అంతటితో ఎర్తు పోతుంది. గోడలో మిగిలిన ఇనుప పైపు ముక్క ఎక్కడికీ పోలేని కరెంటును పట్టుకొని కుళాయి దగ్గర మనిషి కోసం కాచుకొని ఉంటుంది. మీ ఇంట్లో గత కొన్నేళ్లలో పైపులు మార్చి ఉంటే ఈ సంగతి ఎలక్ట్రీషియన్‌తో తప్పక చెప్పండి.

వచ్చిన ఎలక్ట్రీషియన్ 500 ఓల్టుల మెగ్గరుతో (తీగ తొడుగు గట్టిదనాన్ని కొలిచే మీటరు) ఆ తీగకూ ఎర్తుకూ మధ్య నిరోధం చూడాలి. 1 మెగా ఓమ్‌కు తక్కువ చూపిస్తే ఆ తీగను పూర్తిగా తీసివేయడమే మేలు, ఎండాకాలంలో మళ్లీ బాగుంటుందిలే అని ఉంచకూడదు. పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి సరైన ఎర్తు వేయించండి. ఎండలు ముదిరాక దానిలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోస్తూ ఉండండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. మీ ఇంట్లోని ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ వైరును మాడిపోకుండా కాపాడేవే. మనిషి ప్రాణం తీయడానికి చాలిన కరెంటు వాటికి లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తున్నదా లేదా అని చూస్తూ, 30 మిల్లీ ఆంపియర్లు తక్కువైతే సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరా ఆపేస్తుంది. ఎర్తు కూడా ఉంటే ఎవరూ ముట్టుకోకముందే అది పడిపోతుంది. ఎర్తు లేకపోతే మనిషి ముట్టుకున్నాక పడుతుంది. ఆ తేడా కోసమే రెండూ ఉండాలంటున్నాను.

ఎర్తు గొయ్యి ఎందుకు, న్యూట్రల్ తీగనే ఎర్తు పిన్నుకు కలిపితే సరిపోతుందని ఎవరైనా చెబితే ఆ మనిషి చేత పని చేయించుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఇంట్లోని ఇనుప వస్తువులన్నిటికీ ఫేజు వస్తుంది.

ప్రశ్న: శ్రీకాకుళం గుజరాతీపేటలో మా తాతగారి నాటి ఇల్లు మాది. మీరు పదేపదే రాస్తున్నారని ఆర్‌సీసీబీ పెట్టించాము. ఇప్పుడు స్నానాల గదిలో 9 వాట్ల బల్బు వేస్తే చాలు, అది పడిపోయి ఇల్లంతా చీకటి అవుతున్నది. గదిలో ఎక్కడా షాకు లేదు. ఎలక్ట్రీషియన్ అది తీసేయమంటున్నాడు. ఇంట్లో ఇన్వర్టరు ఉంది. – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తీయించకండి. మీ ఉత్తరంలో చివరి వాక్యమే జవాబు. ఇన్వర్టరు పెట్టినప్పుడు స్నానాల గది లైటు ఫేజును ఇన్వర్టరు లైనులోకి మార్చి, న్యూట్రల్‌ను దగ్గరలో దొరికిన మరొక లైను నుంచి అప్పు తెచ్చి ఉంటారు. ఫేజు ఒక దారిన వెళ్లి న్యూట్రల్ ఇంకొక దారిన తిరిగి వస్తే ఆర్‌సీసీబీ లెక్క తప్పుతుంది, కరెంటు ఎక్కడో కారిపోతున్నదనుకొని పడిపోతుంది. మీ 9 వాట్ల బల్బు తీసుకునేది 40 మిల్లీ ఆంపియర్ల చిల్లర, దాని హద్దు 30. అది పడిపోవడం న్యాయమే. ఇన్వర్టరు లైనుకు ఫేజుతో పాటు దాని న్యూట్రల్‌ను కూడా విడిగా నడిపిస్తే సరిపోతుంది. అలా చేసిన తరువాత కూడా పడితే అప్పుడు నిజమైన లీకేజీ ఉన్నదని వెతకాలి.

ప్రశ్న: బొబ్బిలిలో మా పాత ఇంట్లో స్నానాల గదికి చోకు, స్టార్టరు ఉన్న ట్యూబ్‌లైటే ఇంకా ఉంది. కొత్తగా గీజరు పెట్టించాము. గీజరు వేయగానే ట్యూబ్ ఆరిపోయి స్టార్టరు టకటకమంటున్నది. ట్యూబ్ మార్చాలా? – ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: ట్యూబ్‌కు ఏమీ కాలేదమ్మా. గీజరును లైటు లైనుకే తగిలించారు. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. లైటు కోసం వేసిన సన్నని పాత తీగలో అంత కరెంటు పోయేసరికి ఓల్టేజీ పడిపోతుంది, చోకుకు వెలిగించే శక్తి చాలక స్టార్టరు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ట్యూబ్ తీసి ఎల్‌ఈడీ పెడితే ఆ టకటక ఆగిపోతుంది, కానీ గోడలో తీగ కాగడం ఆగదు, పైగా దానిని మీకు చెప్పేవారు కూడా ఉండరు. గీజరుకు మెయిన్ నుంచి విడిగా తీగ లాగించండి. 2 కిలోవాట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్లు, 3 కిలోవాట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల స్విచ్చు, ప్లగ్గు, ఎర్తు తప్పనిసరి. ఆ పని పూర్తయ్యేదాకా గీజరు వేయకుండా, నీళ్లు పొయ్యి మీద కాచుకోండి.